విమాన కెప్టెన్ విధుల గురించి రాస్తున్న యువ రచయితకు

యువ మిత్రునికి శుభాకాంక్షలు.

మీ వ్యాసం చిత్తుప్రతిని శ్రద్ధగా చదివాను. ‘ప్రయాణికుల వివరాలను ఇమ్మిగ్రేషన్ అధికారులకు తెలియజేయడం కెప్టెన్ బాధ్యత’ అని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు సాగిపోయారు. ఆ వాక్యం పూర్తిగా తప్పని అనను గానీ, వాస్తవంలో ఏ పని ఎవరు చేస్తారో, చేయకపోతే ఎవరు జవాబు చెప్పుకోవాలో అది పాఠకులకు చెప్పదు. ఈ విషయంపై కలం పట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది అదే.

అంతర్జాతీయ పౌర విమానయానానికి సంబంధించిన 1944 నాటి షికాగో ఒప్పందంలోని 29వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో ఉన్న విమానంలో ప్రయాణికులుంటే వారి పేర్లు, ఎక్కిన చోటు, చేరవలసిన చోటు తెలిపే జాబితా అందులో ఉండాలి. ఆ ఒప్పందపు 9వ అనుబంధంలో ఉన్న జనరల్ డిక్లరేషన్ (విమానం తరఫున అధికారులకు ఇచ్చే ప్రకటన పత్రం) నమూనాను ఎదురుగా పెట్టుకొని చూడండి. పైన విమాన సంస్థ, రిజిస్ట్రేషన్ గుర్తులు, ఫ్లైట్ నంబరు, తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు. దిగువన ఆరోగ్య ప్రకటన. చివర సంతకానికి జాగా. ఆ సంతకం పైలట్ ఇన్ కమాండ్, అంటే కెప్టెన్ చేయవచ్చు, అధీకృత ఏజెంటూ చేయవచ్చు. పెద్ద సంస్థల్లో పాస్‌పోర్టు వివరాలను చెక్-ఇన్ సమయానికే సేకరించి సంస్థే గమ్యదేశానికి పంపుతుంది కాబట్టి, కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం జరగదు. చిన్న విమానం సొంతంగా నడిపే పైలట్ సంగతి వేరు: అమెరికాకు వచ్చే ప్రైవేటు విమానమైతే, బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందే అందులోని అందరి వివరాలూ చేరేలా చూడవలసింది ఆయనే.

బ్రిటన్ 1971 ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని మాత్రం మూలంలోనే చదవండి. ఇమ్మిగ్రేషన్ అధికారి పరిశీలన పూర్తయితేనో, ఆ అధికారి ఆమోదించిన ఏర్పాటు ప్రకారమైతేనో తప్ప ఎవరూ దిగకుండా అవసరమైన చర్యలు తీసుకోవాలని 2వ షెడ్యూలు 27వ పేరా కెప్టెన్‌ను ఆదేశిస్తుంది. సిబ్బందికి ఒక మినహాయింపు ఉంది. అయితే, శిక్షకు సంబంధించి అదే చట్టంలో ఉన్న 27వ సెక్షన్, ప్రయాణికులు దిగే విషయంలో ‘తెలిసి’ దిగనివ్వడాన్నీ, ‘సహేతుకమైన కారణం లేకుండా’ చర్యలు తీసుకోకపోవడాన్నీ మాత్రమే నేరంగా చెబుతుంది. మీరు ఈ రెండు షరతులనూ వదిలేశారు. అవి లేకపోతే మోసపోయిన కెప్టెన్ కూడా దోషిగానే కనిపిస్తాడు. ఒక మనిషి ఉద్యోగానికీ పరువుకూ సంబంధించిన చోట అంత అజాగ్రత్త నాకు బాధ కలిగించింది.

వాతావరణం అనుకూలించకనో, ఇంజిన్ ఇబ్బంది వల్లనో అంతర్జాతీయ విమానాశ్రయం కాని చోట దిగవలసి వచ్చే సందర్భాన్ని మీరు ముట్టుకోనే లేదు. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం అక్కడుంది. అక్కడ ఇమ్మిగ్రేషన్ కౌంటరు ఉండదు, సంస్థ ఏజెంటూ ఉండకపోవచ్చు. విమానం దిగిన సంగతిని వీలైనంత త్వరగా సంబంధిత అధికారులకు చేరవేయించే బాధ్యతను 9వ అనుబంధం పైలట్ ఇన్ కమాండ్ మీద గానీ, అందుబాటులో ఉన్న తదుపరి సీనియర్ సిబ్బంది మీద గానీ పెడుతుంది. వేరెవరో చేసిపెట్టే పని ఒక్కసారిగా ఆయన చేతికే వచ్చిపడుతుంది. ప్రయాణికుల క్షేమం ఒకవైపు, ఎవరూ చెప్పకుండా సరిహద్దు దాటిపోకూడదన్న నియమం మరోవైపు. వ్యాసాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టి, తరువాత జాబితాల వైపు రండి.

ఈ చట్టాలకు సవరణలు జరుగుతూ ఉంటాయి కాబట్టి, ఉదహరించే ప్రతి సెక్షన్‌నూ అమల్లో ఉన్న పాఠంతో సరిచూసి, ఆ తేదీని చిత్తుప్రతి అంచున రాసి ఉంచండి. తిరగరాసిన ప్రతిని నాకు పంపండి.

మీ శ్రేయోభిలాషి