పాత స్టేషన్ గదుల్లో క్రాఫ్ట్ బీరు: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారి సందేహాలు

ఉద్యోగానికో చదువుకో బ్రిటన్‌కు వచ్చిన మనవాళ్లు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. గురువారం సాయంత్రం పని ముగియగానే సహోద్యోగులు ఏదో పాత రైల్వే కట్టడంలో ఉన్న క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు చేసే బీరు) బారుకు రమ్మంటారు. అలవాటు లేనివారు వెళ్లాలా మానాలా, అలవాటున్నవారు అక్కడ ఏమని అడగాలి, ఎంతతో ఆపాలి, డబ్బు ఎవరివ్వాలి అన్నవేవీ తేలక చాలామంది తలనొప్పి అని చెప్పి తప్పించుకుంటారు. నన్నడిగితే వెళ్లమనే చెబుతాను. తాగుడు పోటీగా సాగే చోట్లు వేరు. ఈ తరహా బారుల్లో చిన్న గ్లాసుతో సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు, పైగా ఆ గ్లాసు చిన్నదై ఉండటమే అక్కడి పద్ధతికి బాగా కుదురుతుంది.

ముందుగా ఆ కట్టడాల సంగతి చెబుతాను. లండన్ యూస్టన్ స్టేషన్ ఎదుట, రోడ్డు వైపున, పోర్ట్‌లాండ్ రాతితో కట్టిన రెండు చిన్న గదులు కనిపిస్తాయి. 1870 ప్రాంతంలో కట్టిన ఈ గదుల వెనకే ఫిలిప్ హార్డ్‌విక్ రూపొందించిన మహా తోరణం ఉండేది. స్టేషన్‌ను తిరిగి కట్టే పనిలో భాగంగా 1961–62లో ఎన్ని నిరసనలు వచ్చినా దాన్ని కూల్చేశారు. దాని రాళ్లలో చాలా భాగాన్ని తూర్పు లండన్‌లో ఒక కాలువ అడుగున గుంత పూడ్చడానికి వాడారన్నది 1990లలో గానీ బయటపడలేదు. గదులు మాత్రం మిగిలాయి. వాటిలో ఒకదానిలో 2010లో యూస్టన్ టాప్ (టాప్ అంటే కుళాయి) అనే బారు తెరిచారు. లోపలికి వెళ్లే ముందు ఒక్క నిమిషం ఆగి గోడల మూలరాళ్లు చూడండి. ఒకప్పటి రైల్వే కంపెనీ చేరవేసే ఊళ్ల పేర్లు వాటిపై వరుసగా చెక్కి ఉంటాయి. వాటిలో కార్డిఫ్ ఒకటి. ఇప్పుడు కార్డిఫ్‌కు నేరుగా వెళ్లే రైలు కావాలంటే పాడింగ్టన్ స్టేషన్‌కు పోవాలి. లండన్ బయట కూడా ఇటువంటివి ఉన్నాయి. షెఫీల్డ్ స్టేషన్‌లో 1904 నాటి ఫలహారశాల దశాబ్దాల పాటు పాడుబడి ఉండి 2009లో షెఫీల్డ్ టాప్‌గా మారింది. యార్క్ స్టేషన్‌లో 1907 నాటి టీ గదిలో ఇప్పుడు యార్క్ టాప్ నడుస్తోంది.

ఇటువంటి రక్షిత పాత కట్టడాలను ఇక్కడ లిస్టెడ్ బిల్డింగులు అంటారు. అనుమతి లేకుండా వాటి రూపురేఖలు మార్చడం నేరం. ఇరుకు మెట్లు, మెలికలు తిరిగే మెట్లదారి పైన మరుగుదొడ్డి, లిఫ్టు లేకపోవడం వంటివన్నీ చాలాచోట్ల అందువల్లనే. పెద్దవయసు తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారు, పిల్లల బండితో వెళ్లేవారు ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. పిల్లలను ఏ వేళ వరకు రానిస్తారన్నది కూడా ఒక్కో బారుకు ఒక్కో తీరుగా ఉంటుంది.

మద్యం కొనడానికి చట్టప్రకారం 18 ఏళ్లు నిండితే చాలు. అయితే 25 లోపు కనిపించేవారినందరినీ గుర్తింపు అడగడం ఇక్కడ వాడుక, కాబట్టి ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని అడిగినా అవమానంగా భావించనక్కరలేదు. ఫోన్‌లోని పాస్‌పోర్టు ఫొటోను సాధారణంగా ఒప్పుకోరు, ఈ-వీసా అక్కడ పనికి రాదు, పాత బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డుల్లో అత్యధిక భాగం 2024 డిసెంబరు 31తో గడువు తీరాయి. పాస్‌పోర్టును జేబులో పెట్టుకుని తిరగడం నాకు నచ్చదు, పోతే దాని వెంట పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కారు నడిపే ఉద్దేశం లేకపోయినా, అర్హత రాగానే ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకుంటే గుర్తింపు కార్డు బాధ తీరిపోతుంది.

లోపల బల్ల దగ్గర కూర్చుని ఎవరైనా వచ్చి అడుగుతారని ఎదురుచూడకండి, బీరు పోసే బారు బల్ల వద్దకు మీరే వెళ్లాలి. అక్కడ వరుస కంటికి కనబడకపోయినా ఎవరి తరువాత ఎవరో అందరికీ గుర్తుంటుంది. మిమ్మల్ని ముందు అడిగినా, పక్కవారు మీకంటే ముందు వచ్చారని చెబితే అదొక మర్యాద. యూస్టన్ టాప్‌లో కుళాయిలు బారు బల్ల మీద కాక వెనక రాగి రేకు తాపడం చేసిన గోడకే బిగించి ఉంటాయి కాబట్టి, ఏ కుళాయిలో ఏముందో తెలియాలంటే కుళాయిల పైన రాసిన పట్టిక చూడాలి. ఆ పట్టికలో బీరు పేరు కంటే ముందు చూడవలసింది దాని పక్కనున్న ఆల్కహాల్ శాతం. బిట్టర్ అనే ఇక్కడి మామూలు బీరు 4 శాతం ఉంటే, అదే పట్టికలో ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లని బీరు 10 శాతం ఉండవచ్చు. పేర్లు మాత్రం రెండూ ఒకేలా అమాయకంగా కనిపిస్తాయి.

కుళాయి బీరును ఇక్కడ పైంటు, దానిలో సగం, మూడోవంతు, మూడింట రెండు వంతుల కొలతల్లోనే అమ్మాలి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, మూడోవంతు అంటే 189. ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని శాతంతో గుణించి వెయ్యితో భాగిస్తే ఎన్ని యూనిట్లో (ఆల్కహాల్‌ను కొలిచే ఇక్కడి లెక్క) వస్తుంది. ఆ లెక్కన 4 శాతం బీరు పైంటులో దాదాపు 2.3 యూనిట్లు, 10 శాతం స్టౌట్ మూడోవంతులో 1.9 యూనిట్లు, అదే స్టౌట్ పైంటు తాగితే 5.7 యూనిట్లు. వారానికి 14 యూనిట్లకు మించవద్దని, వాటినీ ఒకటిరెండు రోజుల్లో కాక కొన్ని రోజులకు పంచుకోమని ఇక్కడి ప్రభుత్వ వైద్యాధికారులు 2016 నుంచి చెబుతున్నారు. అందుకే బలమైన బీరును మూడోవంతు గ్లాసులోనే అడగమంటాను. దాన్ని చూసి నవ్వేవారు ఉండరు, ఎందుకంటే పక్కనున్న ఇంగ్లీషువారు కూడా అదే చేస్తుంటారు. కొనే ముందు ఒక చుక్క రుచి చూపించమంటే చాలా బారుల్లో చూపిస్తారు, ఒకటి రెండు వరకు అడగవచ్చు. గ్లాసు మీద గీత ఉంటే బీరు గీత దాకా రావాలి, నురుగు దాని పైన ఉండాలి. తగ్గితే నింపమని అడగడం మీ హక్కు.

చేతిపంపుతో పైకి లాగే కాస్క్ బీరు తాగిన మనవాళ్లలో చాలామంది అది చల్లగా లేదని ఫిర్యాదు చేస్తారు. అది లోపం కాదు. ఆ బీరు పీపాలోనే కొంత పులుస్తుంది, బయటి వాయువు ఒత్తిడితో దాన్ని నెట్టరు, 11 నుంచి 13 డిగ్రీల వద్ద ఇస్తేనే దాని రుచి తెలుస్తుంది. చల్లగా, బుసబుస పొంగేది కావాలంటే వాయువు ఒత్తిడితో నెట్టే కెగ్ బీరు అడగండి.

శాకాహారులు అడిగి తీరవలసిన ప్రశ్న ఒకటుంది. కాస్క్ బీరు తేటపడటానికి ఐసింగ్లాస్ అనే పదార్థం కలుపుతుంటారు, అది చేపల ఈతతిత్తి నుంచి తీసినది. ఈ వాడకానికి అలర్జీ సూచన నుంచి మినహాయింపు ఉన్నందున సీసా మీద గానీ పట్టికలో గానీ కనబడకపోవచ్చు. బీరంటే ధాన్యమూ నీళ్లే కదా అనుకుని ఏళ్లుగా తాగిన శాకాహారులను నేనెరుగుదును. వీగనా (జంతు పదార్థమేదీ లేనిదేనా) అని అడిగితే చాలు, ఆ బీరు సంగతి తెలిసిన బార్‌టెండర్ వెంటనే చెబుతారు. వడగట్టకుండా మసకగా వదిలేసే కెగ్ బీర్లలో చాలావరకు అది ఉండదు. మిల్క్ స్టౌట్‌లో పాలచక్కెర ఉంటుంది, పాలు పడనివారు గమనించాలి. తినడానికి పెద్దగా ఏమీ దొరకని బారులు చాలా ఉన్నాయి కనుక ఏదైనా తిని వెళ్లండి. బల్ల వెనక వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పొట్లం పంది చర్మపు వేపుడు.

అసలు తాగనివారికి కూడా ఆల్కహాల్ లేని బీరు, శీతల పానీయాలు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. కాకపోతే ఆ బీర్లలో కొన్నింటిలో 0.5 శాతం వరకు ఆల్కహాల్ ఉండవచ్చు, నియమంగా పూర్తిగా మానినవారు సీసా చూసి తీసుకోవాలి. ఎందుకు తాగరో వివరించవలసిన పని లేదు. ఇక రౌండు పద్ధతి ఏమిటంటే, ఒకరి తరువాత ఒకరు అందరికీ కొంటారు. ఇతరులు కొన్నది తాగి మీ వంతు రాకముందే వెళ్లిపోతే ఎవరూ పైకి అనరు గానీ గుర్తుపెట్టుకుంటారు. మీరు రెండు గ్లాసులకు మించి తాగదలచుకోకపోతే, నాది నేనే తెచ్చుకుంటాను అని మొదటి రౌండుకు ముందే చెప్పండి. లేదా మొదటి రౌండు మీరే కొనేసి తరువాత నిశ్చింతగా తప్పుకోండి, నాకైతే ఇదే మేలైన దారిగా తోస్తుంది. బారు దగ్గర కొన్నదానికి టిప్పు ఇవ్వడం ఆనవాయితీ కాదు.

కారులో వెళ్లకండి. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల ఊపిరికి 35 మైక్రోగ్రాముల ఆల్కహాల్ హద్దు, స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి 22 మాత్రమే. హద్దు దాటి నడిపినట్టు రుజువైతే సాధారణంగా కనీసం ఏడాది పాటు లైసెన్సు పోతుంది, నేరచరిత్ర నమోదవుతుంది, దాన్ని తరువాతి వీసా, పౌరసత్వ దరఖాస్తుల్లో చెప్పుకోవాలి. స్టేషన్లలోని బారులకు ఉన్న సుఖం రైలు పక్కనే ఉండటం. బారు మూసే ముందు వచ్చే చివరి ఆర్డర్ల పిలుపు వినబడ్డాక కొత్త గ్లాసు కొనాలా వద్దా అన్నది మీ రైలు ఎన్నింటికో చూసుకుని తేల్చుకోండి, లేచేటప్పుడు ఖాళీ గ్లాసులు బారు బల్ల మీద పెట్టి రండి.