డేరాలో బల్ల సరే, జీతం ఆగితే ఏం చేస్తారు?

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేసి నాలుగు నెలల క్రితం ఉద్యోగంలో చేరాను. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. చేతికి 2,700 యూరోలు వస్తాయి. అద్దె 850, తిండి, ప్రయాణం వగైరా 600, ఇండియాలో విద్యారుణం వాయిదా 36,000 రూపాయలు. ఇంటి డిపాజిట్, సామాను పోను నా దగ్గర మిగిలింది 400 యూరోలే. ఆరుగురు స్నేహితులం బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ మొదటి వారాంతానికి మ్యూనిక్ వెళ్దామనుకున్నాం. హోటల్ గదులకు 1,500 యూరోలు నా ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకున్నా బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) నుంచి కట్టాను. శనివారానికి అక్కడి బీరు డేరాలో పదిమంది కూర్చునే బల్ల ఒక వెబ్‌సైట్‌లో 1,800కు ఉంది. అదీ నేనే కట్టాలి, వాళ్ళు తరువాత ఇస్తామన్నారు. ఓవర్‌డ్రాఫ్ట్ పెంచుకోవడం మంచిదా, ఏడాది పర్సనల్ లోన్ మంచిదా, ఊళ్ళో అమ్మ వేస్తున్న చీటీ పాడమనడం మంచిదా?

జవాబు: మూడూ వద్దు. మూడు రకాల అప్పుల గురించి అడిగారు గానీ, రెండు నెలల తరువాత కంపెనీ వద్దంటే ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. జర్మనీ నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇదే వరస. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ప్రొబేషన్‌లో ఉన్నవారిని రెండు వారాల నోటీసుతో పంపించేయవచ్చు, కారణం కూడా చెప్పనక్కరలేదు. ‘ఇక్కడ నిరుద్యోగ భృతి ఉంది కదా’ అని మనవాళ్ళు ధీమాగా ఉంటారు. ఆ భృతి రావాలంటే గడిచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు ఆ బీమాకు చందా కట్టి ఉండాలి. మీరు కట్టింది నాలుగు నెలలు. చదువుకునేటప్పుడు చేసిన వెర్క్‌ష్టూడెంట్ ఉద్యోగం కలుస్తుందనుకుంటున్నారేమో, అది కలవదు. విద్యార్థి జీతంలోంచి పింఛను చందా కోస్తారు గానీ నిరుద్యోగ బీమా చందా కోయరు. పాత జీతం చీటీ తీసి చూడండి, ఆ వరుస ఖాళీగా ఉంటుంది. అంటే రాబోయే ఎనిమిది నెలల్లో ఎప్పుడు జీతం ఆగినా మీకు ఆధారం మీ సొంత డబ్బే.

జీతం ఆగినా అద్దె ఆగదు, విద్యారుణం వాయిదా ఆగదు. ఇంతవరకు సగం చందా కంపెనీ కడుతున్న ఆరోగ్య బీమాను అప్పుడు పూర్తిగా మీరే కట్టాలి, నెలకు 200 యూరోలకు పైనే. అన్నీ కలిపితే నెలకు రెండు వేలు దాటుతుంది. మూడు నెలలకు ఆరు వేలు. మీ దగ్గరున్నది 400. దానికి తోడు మీ నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంది, మీరున్న ఊరిలో కార్ల విడిభాగాల కంపెనీలు మనుషులను తగ్గించుకుంటున్నాయి.

ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ పది శాతం పైనే ఉంటుంది. 1,500కు నెలకు పదమూడు, పద్నాలుగు యూరోలు, అది భరించలేనిదేమీ కాదు. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. ఆ పరిమితిని బ్యాంకు మీ జీతం చూసి ఇచ్చింది. జీతం జమ కావడం ఆగితే పరిమితినీ కత్తిరిస్తుంది. అవసరం మీద పడినరోజే చేతికందని డబ్బును అత్యవసర నిధి అనుకోవడం, దాన్నీ హోటల్ గదులకు ఊడ్చేయడం! పర్సనల్ లోన్ తీసుకుంటే వచ్చే ఏడాది పండుగ నాటికి ఈ ఏడాది బీరు వాయిదాలు కడుతుంటారు. ఇక చీటీ సంగతి, దయచేసి అమ్మగారి దగ్గర ఎత్తకండి. ముందుగా పాడుకుంటే ఎంత తగ్గించుకోవాలో ఆవిడకు మీకన్నా బాగా తెలుసు.

ఆ బల్ల లెక్క కూడా చూద్దాం. డేరాలోకి వెళ్ళడానికి టికెట్ అక్కరలేదు. నేరుగా డేరావాళ్ళ దగ్గర బల్ల తీసుకుంటే మామూలుగా మనిషికి రెండు మాస్‌ల బీరుకు, అరకోడికి కూపన్లు కొనాలి. మాస్ అంటే లీటరు. 2025లో పెద్ద డేరాల్లో దాని గరిష్ఠ ధర 15.80 యూరోలు. పదిమందికి ఇరవై మాస్‌లంటే 316 యూరోలు, పది అరకోళ్ళు కలిపినా 1,800కు ఎంతో దూరంలో ఆగుతుంది. మిగతాది దళారీ జేబులోకి. పైగా ఇలా చేతులు మారిన రిజర్వేషన్లు చెల్లవని డేరాల యజమానులే హెచ్చరిస్తుంటారు. వచ్చేది ఆరుగురు, కొంటున్నది పదిమంది బల్ల, అదీ మొదటి శనివారం. ఆరోజు ఉదయం తొమ్మిదికే డేరాలు తెరుస్తారు, కూర్చోవచ్చు, కానీ పన్నెండింటికి మేయర్ పీపాకు సుత్తితో కుళాయి దిగ్గొట్టేదాకా గ్లాసు బీరు పుట్టదు. మూడు గంటలు ఖాళీ బల్ల ముందు బ్యాండు వింటూ కూర్చోవడానికా ఇంత అప్పు?

వెళ్ళవద్దనను. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, రిజర్వేషన్ లేనివారికీ పెద్ద డేరాల్లో కొన్ని బల్లలు ఉంచుతారు. మీకు డాయిచ్‌లాండ్ టికెట్ (ప్రాంతీయ రైళ్ళన్నింటికీ చెల్లే నెలవారీ పాసు) ఉంటే ఉల్మ్ మీదుగా ప్రాంతీయ రైళ్ళలో అదనపు ఖర్చు లేకుండా చేరవచ్చు, మూడు గంటల పైన పడుతుంది, పడనివ్వండి. 80 యూరోలు నగదుగా పెట్టుకోండి, కార్డు ఇంట్లో వదిలేయండి. ఎవరి గ్లాసు వారే కొనుక్కుంటారు.

 

బల్ల డబ్బు కట్టకండి. హోటల్ రద్దుకు గడువు ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే రద్దు చేయండి. లేకపోతే మిగతా ఐదుగురికీ ఈ రాత్రే రాయండి: తలా 250, ఈ వారంలోనే. మొహమాటం వద్దు, బుకింగ్ మీ పేరు మీద ఉంది, వడ్డీ మీ ఖాతాలో పడుతోంది. వచ్చిన 1,250తో ఓవర్‌డ్రాఫ్ట్ పూడ్చి, మిగిలిన 250 జీతం రాగానే కట్టేయండి. ఆ తరువాత జీతం పడిన రోజునే 700 యూరోలు వేరే ఖాతాకు వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి. ఆ ఖాతాకు కార్డు తీసుకోకండి.