నియోజకవర్గమంతా ఆరోగ్యశ్రీ అందాలంటే ఎవరిని ఏమడగాలి?

దేవరకొండ నుంచి అడిగిన తమ్ముడికి. మీ ప్రశ్న ఇది కదా: ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు చేశారు, అయినా మా మండలాల్లో జనం ఆపరేషన్లకు మిత్తికి పైసలు తెస్తున్నారు, నియోజకవర్గంలో అందరికీ వర్తించాలంటే ఎమ్మెల్యేకు వినతిపత్రంలో ఏం రాయాలి అని.

పరిమితి గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. అది ఇప్పటికే పెరిగింది. మొదట కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు ఉండేది. తర్వాత 5 లక్షలైంది, 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు. 2024 జులైలో మరో 163 చికిత్సలు చేర్చి, చాలా ప్యాకేజీల రేట్లు కూడా పెంచారు. నిజానికి మామూలుగా జరిగే ఆపరేషన్లలో ఎక్కువ వాటికి పాత 2 లక్షలే సరిపోయేవి. మనిషి అప్పు చేసేది పరిమితి చాలక కాదు. కార్డులో పేరు లేకనో, ఆ వైద్యం చేసే దవాఖాన దగ్గర్లో లేకనో, క్యాష్ పేషెంటుగా అడ్మిట్ అయిపోయాకనో.

పథకం మన దగ్గర కొత్తదేం కాదు. 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. అదే ఏడాది డిసెంబర్‌లో నల్గొండకు వచ్చింది, 2008 జులైకి ఉమ్మడి రాష్ట్రమంతా. అప్పట్లో బీమా కంపెనీ ద్వారా నడిచింది. ఇప్పుడు ఆరోగ్యశ్రీ ట్రస్టే దవాఖానలకు నేరుగా చెల్లిస్తుంది. లబ్ధిదారు కట్టాల్సిన ప్రీమియం అంటూ ఏదీ లేదు. ‘ఆరోగ్యశ్రీ రెన్యువల్’ అని తండాల్లో తిరిగి రెండు మూడు వందలు వసూలు చేసేవాళ్ళుంటే అది మోసం, పోలీసులకు చెప్పండి.

అన్నిటికన్నా ముందు పట్టుకోవాల్సింది రేషన్ కార్డు. ఆరోగ్యశ్రీకి వేరే కార్డు లేకున్నా ఆహార భద్రత కార్డులో పేరుంటే చాలు. 2014 తర్వాత 2021లో కొన్ని కార్డులిచ్చారు, మళ్ళీ పెద్ద ఎత్తున ఇచ్చింది 2025లోనే. ఆ జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో పంపిణీ మొదలుపెట్టారు. ఈ మధ్య కాలంలో పెళ్ళై వచ్చిన కోడళ్ళు, పుట్టిన పిల్లలు, వేరుపడ్డ అన్నదమ్ములు చాలా మంది కార్డుకు బయటే ఉండిపోయారు. అర్హత లెక్క: ఊళ్ళలో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్టణాల్లో 2 లక్షల లోపు, భూమి తరి (నీటి పారకం) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాలకు మించొద్దు.

కోడళ్ళ దగ్గర వచ్చే చిక్కు వేరు. ఒక ఆధార్ రెండు కార్డుల్లో ఉండదు. తల్లిగారింటి కార్డులో పేరు తీసేయకుండా అత్తగారింటి కార్డులో చేర్చమని మీసేవలో పెడితే దరఖాస్తు తిరిగొస్తుంది. ముందు తల్లిగారి మండలంలో తొలగింపు, తర్వాత ఇక్కడ చేర్పు. రెండు మండలాలు, ఇద్దరు తహసీల్దార్లు. ఈ నడుమ ఆమెకు రెండు చోట్లా పేరుండదు. కాన్పు నెలలు దగ్గర పడ్డప్పుడో, ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడో ఈ తొలగింపు పెట్టకండి. తల్లిగారి కార్డులో పేరున్నంత వరకు ఆ కార్డు మీదే వైద్యం చేయించుకోవచ్చు. ఖర్చు ఆ కుటుంబం పరిమితిలో తగ్గుతుంది, అంతే తేడా.

పేరున్నా రేషన్ షాపులో వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చేయించని వాళ్ళ పేర్లు ప్రమాదంలో ఉంటాయి. ఎవరిది పెండింగో డీలర్ దగ్గర తెలుస్తుంది. కార్డులో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు పేరుంటే దవాఖానలో రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది. తండాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాయడం, పుట్టిన తేదీ బదులు జనవరి 1 వేయడం మామూలే. వీటిని జబ్బు రాకముందే సరిచేయించాలి.

వినతిపత్రానికి ముందు చేయాల్సిన పని ఇది: గ్రామానికొక పట్టిక. కార్డు నంబరు, ఇంట్లో ఉండి కార్డులో లేనివాళ్ళ పేర్లు, కారణం, మీసేవ దరఖాస్తు నంబరు, అది ఎక్కడ ఆగింది. మీసేవలో పెట్టిన దరఖాస్తు గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), తహసీల్దార్, జిల్లా పౌరసరఫరాల అధికారి దాకా పోతుంది. ఎవరి లాగిన్‌లో పెండింగ్ ఉందో నంబరుతో చూడొచ్చు. ఇళ్ళ వివరాలు ఆశా కార్యకర్త దగ్గర, మహిళా సంఘాల దగ్గర ఎలాగూ ఉంటాయి. ‘మా మండలంలో చాలా మందికి కార్డుల్లేవు’ అని రాస్తే ఆ కాగితం ఫైల్లో పడి ఉంటుంది. ‘ఫలానా గ్రామంలో 43 దరఖాస్తులు గిర్దావర్ దగ్గరున్నాయి, నంబర్లు వెనక పేజీలో’ అని రాస్తే ఫోన్ పోతుంది.

ఇంకో సంగతి చాలా మంది గమనించరు. ఆరోగ్యశ్రీ యంత్రాంగం జిల్లాల వారీగా నడుస్తుంది, నియోజకవర్గాల వారీగా కాదు. దేవరకొండకు ఈ తంటా లేదు గానీ, మునుగోడుకు చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి జిల్లాలో పడ్డాయి. నకిరేకల్‌కు రామన్నపేట అంతే. దేవరకద్రలో కొత్తకోట, మదనాపురం వనపర్తి జిల్లావి. కల్వకుర్తి సగం రంగారెడ్డిలో, కొడంగల్ వికారాబాద్, నారాయణపేటల మధ్య. అలాంటి చోట ఎమ్మెల్యే ఒక సమీక్ష పెడితే కొన్ని మండలాల అధికారులు రారు, ఎందుకంటే వాళ్ళ కలెక్టర్ వేరు. అక్కడి ఎమ్మెల్యేలు రెండు జిల్లాల ఆరోగ్యశ్రీ కోఆర్డినేటర్లనూ పిలిపించాలి, మండలాల వారీ లెక్కే అడగాలి.

ఇక దవాఖాన. ఒక దవాఖాన నెట్‌వర్క్‌లో, అంటే ఆరోగ్యశ్రీ దవాఖానల జాబితాలో ఉందంటే అన్ని జబ్బులకూ ఉన్నట్టు కాదు. స్పెషాలిటీల వారీగా అనుమతి ఇస్తారు. ఎముకలకు ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు. కొన్ని చికిత్సలు సర్కారు దవాఖానల్లోనే చేయాలని పెట్టారు, అవి ప్రైవేటులో అడిగితే దొరకవు. పథకం మొదలైనప్పుడు కనీసం 50 పడకలుండాలన్న నిబంధన వల్ల చిన్న పట్టణాల నర్సింగ్ హోములు రాలేకపోయాయి, జాబితా హైదరాబాద్ చుట్టూ పేరుకుంది. అందుకే ఎమ్మెల్యేను అడగాల్సిన అసలు కోరిక ప్రైవేటు గురించి కాదని నా అభిప్రాయం. మీ ఏరియా దవాఖానలో ఇప్పటికే జరుగుతున్న హెర్నియా, అపెండిక్స్, విరిగిన ఎముకల ఆపరేషన్లలో ఎన్ని ఆరోగ్యశ్రీ కింద నమోదవుతున్నాయో అడగండి. సర్కారు దవాఖానలో వైద్యం ఎలాగూ ఉచితమే కదా అని నమోదు చేయకుండా వదిలేసే అలవాటుంది. నమోదు చేస్తే ఆ క్లెయిమ్ డబ్బులో కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా, కొంత దవాఖాన ఖర్చులకు వస్తుంది. దాంతో రాడ్లు, ప్లేట్లు, మందులు అక్కడే కొనొచ్చు, పేషెంటును బయటి షాపుకు పంపే అవసరం తప్పుతుంది. నమోదు ఆగడానికి కారణం చాలాసార్లు చిన్నదే: ఆరోగ్యమిత్ర (దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి) సెలవులో ఉండటం, ఫిల్ములు స్కాన్ చేసి ఎక్కించే ఆపరేటర్ లేకపోవడం, మత్తు డాక్టర్ వారానికి రెండు రోజులే రావడం. మత్తు డాక్టర్ పోస్టు భర్తీ చేయించడం ఎమ్మెల్యే గట్టిగా పట్టుకుంటే అయ్యే పని.

డయాలసిస్ సంగతి కూడా కాగితంలో ఉండాలి. వారానికి రెండు మూడు సార్లు, అంటే నెలకు 8 నుంచి 12 సార్లు. మిషన్ దగ్గర పైసా కట్టకున్నా, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ప్రతిసారి హైదరాబాద్‌కు పోయిరావడానికి, తోడు మనిషి కూలి పోవడానికి ఇల్లు గుల్లవుతుంది. మీ మండలాల్లో ఎంతమంది, ఎక్కడికి పోతున్నారు, స్థానిక కేంద్రంలో ఎన్ని మిషన్లు, ఎన్ని షిఫ్టులు అనేది రాయండి. కొత్త కేంద్రం కన్నా ఉన్న మిషన్లకు ఇంకో షిఫ్టు, ఇంకో టెక్నీషియన్ అడగడం త్వరగా అవుతుంది. డయాలసిస్ వాళ్ళకు ఆసరా పింఛను ఉందని తెలియని ఇళ్ళు కూడా ఉంటాయి, పట్టికలో ఆ గడి కూడా పెట్టుకోండి.

అడ్మిషన్ దగ్గర చేయాల్సినవి ఊళ్ళో అందరికీ చెప్పండి. లోపలికి పోగానే ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు పోవాలి, అప్పటికి ఒక్క రూపాయి డిపాజిట్ కట్టొద్దు. క్యాష్ కింద అడ్మిట్ అయ్యాక ఆరోగ్యశ్రీకి మార్చమంటే చాలాచోట్ల మార్చరు. మిత్ర వివరాలు ఎక్కిస్తారు, డాక్టర్ పరీక్షలు రాస్తారు, రిపోర్టులు ట్రస్టుకు పంపితే అక్కడి డాక్టర్లు చూసి అప్రూవల్ ఇస్తారు. ప్రాణం మీదికొస్తే ఫోన్‌లో అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఉంది, ‘అప్రూవల్ వచ్చేదాకా ఆగండి’ అనడం అక్కడ కుదరదు. ప్యాకేజీలో పరీక్షలు, మందులు, ఇంప్లాంటు, జనరల్ వార్డు, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు కలిసే ఉంటాయి. ‘మంచి క్వాలిటీ స్టెంటు’ అని పైసలడిగితే రసీదు అడగండి, ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి. రసీదు మాటెత్తగానే చాలాసార్లు ఆ స్టెంటు అవసరం తగ్గిపోతుంది. యాక్సిడెంట్ కేసుల్లో పోలీసు కాగితం లేక, మిగతా వాటిలో ఫిల్ము స్పష్టంగా లేక, పేరు కలవక అప్రూవల్ తిరిగొస్తుంది. తిప్పి పంపడమంటే తిరస్కారం కాదు, అడిగింది ఎక్కిస్తే మళ్ళీ చూస్తారు. జ్వరానికి ఓపీలో చూపించుకోవడం మాత్రం ఇందులోకి రాదు.

మీ దగ్గర బొంబాయి, పుణె పోయే వాళ్ళున్నారు. ఆరోగ్యశ్రీ అక్కడ పనిచేయదు. రేషన్ బియ్యం వేరే రాష్ట్రంలో తీసుకోవచ్చు కాబట్టి వైద్యం కూడా వస్తుందనుకుని మోసపోతారు. ఆయుష్మాన్ భారత్ జాబితాలో పేరున్న కుటుంబాలు మాత్రం ఆధార్‌తో ఆ కార్డు తీసుకుని పోతే ఇతర రాష్ట్రాల్లోనూ వాడుకోవచ్చు. 70 ఏళ్ళు నిండిన వాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది. అలంపూర్ వాళ్ళు కర్నూలుకు, కోదాడ వాళ్ళు విజయవాడకు పోయేటప్పుడు ఆ దవాఖాన తెలంగాణ జాబితాలో, ఆ జబ్బుకు ఉందో లేదో 104లో అడిగి బయల్దేరాలి.

ఎమ్మెల్యే ఆఫీసులో ఎక్కువ మంది అడిగేది ముఖ్యమంత్రి సహాయ నిధి. అది ఆరోగ్యశ్రీకి బదులు కాదు. ఖర్చంతా పెట్టుకున్నాక అసలు బిల్లులు, ఆధార్, బ్యాంకు ఖాతా, సిఫారసు లేఖతో ఆన్‌లైన్‌లో పెడితే అందులో కొంత వస్తుంది, అదీ నెలల తర్వాత. నిమ్స్ లాంటి చోట ముందుగానే ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ఇచ్చే లేఖ) తెచ్చుకుంటే కొంత మేలు. ఎమ్మెల్యే రాసిన లేఖల్లో ఎన్ని ఆరోగ్యశ్రీలో ఉన్న జబ్బులకే రాశారో లెక్క తీయమనండి. ఆ లెక్కే ఎక్కడ తూటు పడిందో చూపిస్తుంది.

2025 సెప్టెంబర్‌లో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ దవాఖానలు సేవలు ఆపి, ప్రభుత్వంతో మాటలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాయి. అలాంటి రోజుల్లో ‘బెడ్లు లేవు’ అని తిప్పి పంపుతారు. అందుకే ప్రతి స్పెషాలిటీకి ఒక సర్కారు దవాఖాన పేరు కూడా పక్కన రాసి పెట్టుకోండి: నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ మెడికల్ కాలేజీలు, ఆపైన గాంధీ, ఉస్మానియా, నిమ్స్.

వినతిపత్రం రెండు పేజీలు దాటొద్దు, పట్టికలు వెనక పెట్టండి. ఒక కాపీ ఎమ్మెల్యేకు, ఒకటి ప్రజావాణిలో (కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమం) కలెక్టర్‌కు, ఒకటి ఆరోగ్యశ్రీ జిల్లా కోఆర్డినేటర్‌కు. మూడింటి మీదా తేదీతో ముద్ర వేయించుకోండి.