డైరెక్టర్ మారేలోపు ఓటీపీ వెళ్లే నంబరు మార్చండి

"విశాఖలో మా సంస్థ ఒక వృద్ధాశ్రమం, ఒక పిల్లల హోమ్ నడుపుతోంది. మొదటి నుంచీ చూసుకున్న మేడం మార్చి 31న తప్పుకుంటున్నారు. కొత్త డైరెక్టర్‌కి చార్జ్ ఎలా అప్పగించాలి?" అని అడిగారు.

ముందు ఆ తేదీ మార్చుకోండి. మార్చి 31 చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఆ ఏడాది లెక్కల ఆడిట్ తేలేసరికి సెప్టెంబరు అవుతుంది. ఏ బిల్లు ఎందుకు రాశారో తెలియని కొత్త మనిషి ఆ బ్యాలెన్స్ షీటు మీద సంతకం పెట్టాల్సి వస్తుంది. ఆడిట్ రిపోర్టు, రిటర్ను, విదేశీ విరాళాలుంటే వాటి వార్షిక లెక్క ఎఫ్‌సీ-4 ఫారం కూడా మేడం చేతుల మీదుగానే వెళ్లిపోనివ్వండి. నవంబరులో చార్జ్ మార్చండి. కొత్తవాళ్లు మాత్రం ఆగస్టులోనే చేరాలి.

మూడు నెలలు ఇద్దరికీ జీతమా అని కార్యవర్గం గింజుకుంటుంది. ఇవ్వాల్సిందే. దాతలు బియ్యానికిస్తారు, దుప్పట్లకిస్తారు, ఈ జీతానికి ఇవ్వరు. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధుల) ప్రపోజల్లో రాస్తే ముందు కొట్టేసేది ఈ పద్దునే. విదేశీ విరాళాల్లో 50 శాతం దాకా ఉన్న పరిపాలన ఖర్చు పరిమితిని 2020 సవరణతో 20కి దించేశారు. మనుషుల్ని చూసుకునే సంస్థలో మనిషి జీతాన్ని దండగ ఖర్చుగా చూడటం చాలా అన్యాయం. షరతుల్లేని స్థానిక విరాళాల్లోంచి ఏడాది ముందు నుంచే కొంత పక్కన పెట్టుకోవడం తప్ప దారి లేదు.

ఇక అసలు చిక్కు. ఒకటో తారీఖు అనుకోండి. అకౌంటెంటు జీతాల ఫైలు అప్‌లోడ్ చేస్తాడు. ఓటీపీ పాత మేడం ఫోనుకి వెళ్తుంది. ఆవిడ బెంగళూరులో కూతురింట్లో ఉంటారు, ఫోను సైలెంట్‌లో ఉంటుంది. ఆవిడ చూసి చెప్పేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది, మళ్లీ మొదటికి. వంటమ్మ, రాత్రి ఆయా జీతం కోసం కూర్చుంటారు. 7లోపు టీడీఎస్, 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. ఆ లాగిన్లూ అదే నంబరు మీద ఉంటాయి. మేడం డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) ఆడిటర్ గారి సొరుగులోనే ఉంటుంది కాబట్టి "ఈ నెలకి దీంతో కానిచ్చేద్దాం" అనేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. తప్పుకున్న మనిషి సంతకంతో చేసిన పని రేపు ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది.

అందుకని ఆరు నెలల ముందే సంస్థ పేరు మీద ఒక సిమ్, ఒక మెయిల్ తీసుకుని బ్యాంకు, పీఎఫ్, ఈఎస్ఐ, టీడీఎస్, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్), ఆఖరికి కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్ కూడా వాటికి మార్చండి. ఆధార్ ఓటీపీ అడిగే చోట ఇది కుదరదు, అక్కడ కొత్త డైరెక్టర్ పేరే ఎక్కించాలి. ఏ లాగిన్ ఎవరి పేరు మీద ఉంది, ఏ లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది అన్నది ఒక పుస్తకంలో రాయించండి. పిల్లల హోమ్‌కి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవ్వాలి. ఆ గడువు ఈ హడావిడిలో పడిందేమో చూసుకోండి.

కాగితాలకి ఒక వరుస ఉంది. తీర్మానం మినిట్స్‌లో రాసి సంతకాలు చేయించడం మొదటిది. డైరెక్టర్ కార్యవర్గ సభ్యులు కూడా అయితే, సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కొత్త జాబితా సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. దాని నకలు ఉంటేనే బ్యాంకు కొత్త సంతకాలు తీసుకుంటుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉంటే, ముఖ్య సభ్యులు మారినట్టు చెప్పే ఎఫ్‌సీ-6ఈ ఫారం 45 రోజుల్లో వెయ్యాలి. విదేశీ విరాళాల ఖాతా ఉండేది ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో కాబట్టి సంతకాలు మారడానికి పట్టే ఆలస్యం ముందే లెక్కేసుకోండి. మధ్యలో చెక్కులు ఆగకుండా, మారని సంతకందారులు ఇద్దరుండాలి. 2022 ఏప్రిల్లో జిల్లా మూడు ముక్కలైంది కదా, అనకాపల్లి, పాడేరు వైపు పనులుంటే ఆ కలెక్టరేట్లలోనూ మేడం స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయాలి.

పిల్లలకి మాత్రం కాగితాలకంటే ముందే చెప్పాలి. వార్డెన్ దగ్గర విని తెలుసుకుంటే "అమ్మ మమ్మల్ని కూడా వదిలేసింది" అనుకుంటారు. ఐదారుగురిని కూర్చోబెట్టుకుని మేడమే చెప్పాలి: ఎప్పుడు వెళ్తున్నారు, మళ్లీ ఏ పండక్కి వస్తారు. చెప్పిన రోజున రాలేని పరిస్థితి ఉంటే ఆ మాట ఇవ్వకపోవడమే నయం. సలహాదారు పేరుతో మేడం అదే గదిలో కొనసాగడం నాకు అస్సలు ఇష్టం లేని ఏర్పాటు. కొత్తవాళ్లు సెలవు ఇవ్వకపోతే స్టాఫ్ ఆ గదికే వెళ్తారు. మొదటి ఆరు నెలలు ఫోనులో సలహా చాలు, అదీ కొత్త డైరెక్టర్ అడిగితేనే.

చివరగా గ్రాట్యుటీ. "మేడం అడగరులే" అని కార్యవర్గం ఊరుకుంటుంది. జీతం మీద ఉన్నవారైతే, పదిమంది గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులుంటే అది ఆవిడ హక్కు. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 30,000, సర్వీసు 24 ఏళ్లు అనుకుంటే 15 బై 26 లెక్కన (నెలకి 26 రోజులుగా చూసి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున) సుమారు 4,15,000 వస్తుంది. వీడ్కోలు సభలోపే ఆ మొత్తానికి తీర్మానం చేసి, చెక్కు సిద్ధం చేయించండి.