నూటొకటో కప్పు ఖరీదెంత?

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ చదివాను. ఇప్పుడు బీఏ ఎకనామిక్స్. డెరివేటివ్ అనగానే టెన్షన్. ఏం చేయాలి మేడమ్?
– ఓ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: భయపడకమ్మా. నేనూ లెక్కలు వదిలేసి వచ్చినదాన్నే. నాకు నారాయణగూడలో చాయ్ తాగుతుంటే వెలిగింది. కొట్టువాడు రోజుకు ‘క’ కప్పులు కాస్తే, ఖర్చు 500 + 4క + 0.01క² రూపాయలు అనుకో. డెరివేటివ్, అంటే కప్పులు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగే రేటు, 4 + 0.02క. వంద కప్పుల దగ్గర అది 6 రూపాయలు. ఇప్పుడు నూటొకటో కప్పుకు పెరిగే అసలు ఖర్చు కాగితం మీద కట్టి చూడు: 6 రూపాయల 1 పైసా! ఆ పైసా తేడా చూశాకే మార్జినల్ కాస్ట్, అంటే ఇంకొక్క కప్పుకు పెరిగే ఖర్చు, నాకు పట్టుబడింది. కప్పు 10 రూపాయలకు అమ్మితే 300 కప్పుల దాకా లాభం పెరుగుతుంది, ఆపైన తగ్గుతుంది. ఎందుకో నువ్వే తేల్చు.

ముందు ఫంక్షన్లు, గ్రాఫులు గట్టి చేసుకో. రోజూ ఐదు లెక్కలు చేత్తో చెయ్యి తల్లీ, వీడియోలు చూస్తే సరిపోదు.