తుంగకు తుప్పు తెగులు వస్తే వరికి మందు కొట్టాలా?

అక్కర్లేదన్నా. గెట్టు మీది తుంగకు ఇటుక రంగు పొడి పట్టింది, వరికి అంటుతుందేమో అని అడిగారు. అంటదు. గోధుమకు, జొన్నకు, మక్కకు తుప్పు తెగులు ఉంది, వరికి లేదు. తుంగ మీది తుప్పు వరి ఆకు మీద బతకదు.

మాది నర్సంపేట పక్కన, పాఖాల చెరువు ఆయకట్టు. ఒక వానాకాలం మా బాపు గెట్ల మీద తిరిగొస్తే ధోతి అంచంతా ఆ పొడే. తుంగాకు తిరగేస్తే సన్నని బొబ్బలు పగిలి ఉన్నాయి, వేలితో రాస్తే తుప్పులాగే అంటింది. ఆకులు కవర్‌లో వేసుకుని మందుల దుకాణానికి పోయాం. దుకాణదారు కవర్ విప్పనే లేదు. "అగ్గి తెగులు మొదలైంది, రేపే కొట్టు" అంటూ ఆ తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ ప్యాకెట్లు తీసి ముందు పెట్టాడు, వాటితో పాటు పురుగు గుళికలు కూడా. బాపు గట్టిగా "మా వరికి మచ్చే లేదు" అని ఏదీ కొనకుండా లేచొచ్చాడు. ఆ పొడి వల్ల మా వరికి ఏమీ కాలేదు. తుంగ ఆకులే ఎండాయి. గడ్డలు భూమిలో భద్రంగానే ఉన్నాయి కాబట్టి అది మళ్లీ మొలిచింది, అది వేరే బాధ.

ఆకు చూడకుండా మందు ఇవ్వడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉద్దెర ఖాతా ఉన్న రైతు ఎదురు మాట్లాడలేడు, ఏ స్టాకు మిగిలితే అదే మోసుకొస్తాడు.

నన్నడిగితే ఆ తుప్పు మనకు చుట్టం. అమెరికాలో తుంగలో ఒక జాతిని అణచడానికి దాని తుప్పు శిలీంధ్రాన్నే 'డాక్టర్ బయోసెడ్జ్' పేరుతో కలుపు మందుగా రిజిస్టర్ చేయించారు. బతికున్న మొక్క మీద తప్ప అది పెరగదు, అందుకే ఎక్కువగా తయారు చేయడం కష్టమైంది. కొన్ని తుంగ రకాలు దానికి లొంగలేదు కూడా. అయినా మన దగ్గర ఆ పని మొదలుపెట్టాలి. కలుపు కూలీలు దొరకని ఈ రోజుల్లో దానికి పెట్టే ప్రతి రూపాయీ రైతుకు తిరిగొస్తుంది.

మీరు వరిలో చూడాల్సింది పొడ తెగులును. దుబ్బు అడుగున, నీటి మట్టం దగ్గర పాము పొడ లాంటి మచ్చలు ఉన్నాయేమో వంగి చూడండి. ఆ తెగులు గెట్టు మీది గడ్డిలో, తుంగలో కూడా దాక్కుంటుంది, కాబట్టి గెట్లు చెక్కించండి. మచ్చలు కనబడితేనే లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్ కలిపి, మందు దుబ్బు మొదట్లో తడిసేలా కొట్టించండి.