టెక్ సందేహాలు: ‘ప్యాషన్’ అనే మాట తీసేయండి, చేసిన వస్తువు చూపించండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇష్టంగా ఏవేవో తయారు చేస్తూ వచ్చినవాళ్లు, ఆ పనిని ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఎలా పెట్టాలో తెలియక రాశారు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చేసారి చూద్దాం, ఇవాళ వీటికే జవాబులు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి ఏదో ఒకటి విప్పడం, మళ్లీ బిగించడం, కొత్తది చేయడం నా అలవాటు. చదివింది కామర్స్. ఎంబెడెడ్ (పరికరాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాం రాసే) ఉద్యోగాలకు అప్లై చేస్తున్నా. రెజ్యూమే మొదట్లోనే ‘వస్తువులు తయారు చేయడం నా ప్యాషన్’ అని రాశా. ఎవరూ పిలవట్లేదు. ఈమధ్య మొక్కలకు తనంతట తానే నీళ్లు పెట్టే పరికరం ఒకటి చేశా. సెన్సర్ తుప్పు పట్టింది, వైఫై ఆన్ చేస్తే రీడింగ్ ఆగిపోయేది, సరిచేయడానికి రెండు వారాలు పట్టింది. అదంతా ఎందుకులే అని రెజ్యూమేలో రాయలేదు.

మీరు వదిలేసిందే రాయాల్సింది!

ప్యాషన్ గురించి రాసిన వాక్యాన్ని తీసేయండి. అది అబద్ధమని కాదు, మీ విషయంలో నిజమేనని ఈ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. కానీ జీవితంలో స్క్రూడ్రైవర్ పట్టుకోనివాళ్లు కూడా అదే వాక్యం రాస్తారు కాబట్టి చదివేవాళ్ల కంటికి అది ఆనదు. తుప్పు పట్టిన సెన్సర్ గురించి మాత్రం దాన్ని చేతిలో పట్టుకున్నవాళ్లే రాయగలరు. ఇలా రాసి చూడండి (ఈఎస్‌పీ32 అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్, ఏడీసీ అంటే సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే దాని భాగం, కెపాసిటివ్ సెన్సర్ అంటే మట్టికి లోహం తగలకుండా తేమ కొలిచేది):

‘మట్టిలో తేమ చూసి నీళ్లు వదిలే పరికరం (ఈఎస్‌పీ32). మొదట వాడిన రెండు కాళ్ల సెన్సర్ తడి మట్టిలో తుప్పు పట్టి తప్పు రీడింగులు ఇచ్చింది, కెపాసిటివ్ సెన్సర్‌కు మారాను. వైఫై ఆన్ అయితే రీడింగ్ ఆగిపోయేది. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 పిన్నులు అందుబాటులో ఉండవని కనుక్కుని, సెన్సర్‌ను ఏడీసీ1 పిన్‌కు మార్చాను.’

ఇందులో మిమ్మల్ని మీరు పొగుడుకున్న మాట ఒక్కటీ లేదు. అయినా ఎంబెడెడ్ పని తెలిసినవాళ్లు దీన్ని చదివి ఆగుతారు, ఎందుకంటే ఆ ఏడీసీ2 గొడవ ఈఎస్‌పీ32 మీద పని చేసినవాళ్లలో చాలామంది పడిందే. ఆ రెండు వారాలూ మీరు ఊహలతో కాకుండా ఒక్కో కారణాన్నీ పట్టుకుని కొట్టేసుకుంటూ వెళ్లారా, లేక అదృష్టవశాత్తూ పిన్ మారిస్తే పని చేసిందా అన్నది ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. నిజం చెప్పండి. అదృష్టమే అయితే, తర్వాత కూర్చుని కారణం చదివి తెలుసుకున్నానని చెప్పినా పరువు తక్కువేం కాదు.

ఇంకో మెట్టు ఎక్కాలని ఉంటే బ్యాటరీ లెక్క చేయండి. డీప్ స్లీప్‌లో, అంటే పని లేనప్పుడు దాదాపు అంతా ఆపేసుకుని ఉన్నప్పుడు, ఈఎస్‌పీ32 చిప్ తీసుకునే కరెంటు మైక్రోఆంపుల్లోనే ఉంటుంది. కానీ మామూలు డెవలప్‌మెంట్ బోర్డు మీద రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, వెలుగుతూ ఉండే చిన్న ఎల్ఈడీ ఉంటాయి, అవి మింగేది అంతకంటే చాలా ఎక్కువ. మల్టీమీటర్‌తో కొలిచి, ‘డేటాషీట్‌లో ఇంత ఉంది, నా బోర్డు మీద ఇంత వచ్చింది, తేడా ఇక్కడుంది’ అని రెండు లైన్లు రాస్తే, కామర్స్ చదివిన మీ మీద ఉండే అనుమానం చాలావరకు అక్కడే తీరుతుంది.

రెజ్యూమేలో చదువు కింద ఉండనివ్వండి, ప్రాజెక్టులు పైకి రావాలి. మూడు చాలు. పదిహేను పెడితే ఏది ముఖ్యమో చదివేవాళ్లే వెతుక్కోవాలి, అంత ఓపిక వాళ్లకు ఉండదు. ఏ మూడు అన్నది ఉద్యోగాన్ని బట్టి మార్చండి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాం) పనికి ఈ మొక్కల పరికరం పైన ఉండాలి, మెకానికల్ డిజైన్ పనికైతే 3డీ ప్రింట్ చేసిన డబ్బా, దాని మూత మొదటిసారి ఎందుకు సరిగ్గా పట్టలేదో ఆ కథ.

మరి చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం? దాన్ని పారేయమనడం లేదు. ‘మీ గురించి చెప్పండి’ అని అడిగినప్పుడు, ఏడేళ్ల వయసులో ఏం విప్పారో, ఏది మళ్లీ బిగించలేకపోయారో ఒక్క సంఘటన అర నిమిషంలో చెప్పి, అక్కడి నుంచి నేరుగా ఈ పరికరం దగ్గరికి రండి. ఆ పిల్లాడు ఇప్పటికీ అదే పని చేస్తున్నాడని వాళ్లకే అర్థమవుతుంది, మీరు ప్యాషన్ అనే మాట వాడక్కర్లేదు.

ప్రశ్న: కోడ్ దాచుకుని పంచుకునే సైటు గిట్‌హబ్‌లో నావి నలభై దాకా రిపాజిటరీలు (ప్రాజెక్టు ఫోల్డర్లు) ఉన్నాయి. సగం మధ్యలో వదిలేసినవే. ఒకదాంట్లో ఏపీఐ కీ (ఒక సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) కూడా ఉండిపోయిందని ఈమధ్యే చూశా. లింకు పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

మొదట ఆ కీ సంగతి చూడండి, మిగతాదంతా తర్వాత. ఫైల్ డిలీట్ చేసి కొత్త కమిట్ (సేవ్ చేసిన మార్పు) పెడితే సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది, ఎవరైనా వెనక్కి వెళ్లి చూడొచ్చు. కాబట్టి ఆ కీ ఇచ్చిన సర్వీసులోకి వెళ్లి దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఇప్పటికే ఎవరో కాపీ చేసుకున్నారనే అనుకుని పని చేయడం మంచిది. రద్దు చేశాక, చరిత్రలోంచి కూడా తుడిచేయాలనుకుంటే గిట్ ఫిల్టర్-రెపో అనే టూల్ ఉంది. ఇకపై కీలు విడిగా ఒక ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్ పేరును గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో చేర్చండి.

ఇక నలభై రిపాజిటరీల సంగతి. అన్నీ శుభ్రం చేయాలని కూర్చుంటే నెల పోతుంది, అప్లికేషన్ గడువూ పోతుంది. ప్రొఫైల్ పేజీ మీద ఆరింటిని పిన్ చేసుకోవచ్చు, మీరు మూడో నాలుగో చేయండి. చూపించకూడదనుకున్నవి ప్రైవేట్ చేయండి. ఆగిపోయినా అందులో చెప్పుకోదగ్గది ఉంటే ఆర్కైవ్ చేసి (చదవడానికి మాత్రమే ఉండేలా మార్చి), రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు గురించి చెప్పే ఫైల్‌లో, ‘ఇక్కడిదాకా వచ్చింది, ఈ కారణంగా ఆపాను’ అని ఒక్క లైను రాయండి. వదిలేసిన ప్రాజెక్టు తప్పేం కాదు, ఎందుకు వదిలేశారో చెప్పగలిగితే అది కూడా మీ పనే.

పిన్ చేసిన వాటికి రీడ్‌మీ తప్పనిసరి. తెరవగానే ఒక ఫోటో లేదా చిన్న వీడియో, అది ఏం చేస్తుందో రెండు వాక్యాలు, ఎలా నడపాలో, ఇంకా ఏం సరిగా లేదో. చివరిది చాలామంది రాయరు, నాకు మాత్రం అన్నిటికంటే ముందు కళ్లు వెళ్లేది దాని మీదికే. లైసెన్స్ ఫైల్ కూడా పెట్టండి. అది లేకపోతే కోడ్ అందరికీ కనిపిస్తుంది కానీ వాడుకునే హక్కు ఇచ్చినట్టు కాదు. రోజూ కమిట్ చేస్తే ప్రొఫైల్ మీద వచ్చే పచ్చ గళ్ల గురించి దిగులు అక్కర్లేదు.

ప్రశ్న: నేను చేసినవాటిలో చాలా వస్తువులు ఇప్పుడు లేవు. కొన్ని విప్పేసి పార్టులు వేరేవాటికి వాడుకున్నా. ఏం చూపించాలి?

ముందు పాత ఫోన్ బ్యాకప్‌లు వెతకండి. మీరు ఫోటో తీసిన సంగతి మీకే గుర్తుండకపోవచ్చు. కాగితం మీద గీసుకున్న సర్క్యూట్లు, కొలతలు ఉంటే అవి పూర్తయిన వస్తువు ఫోటో కంటే తక్కువేం కాదు, కొట్టివేతలతో సహా స్కాన్ చేసి పెట్టండి. ఫోటోలు బయట పెట్టేముందు వాటిలో దాగి ఉండే లొకేషన్ సమాచారం తీసేయండి, లేకపోతే ఇంటి చిరునామా చెప్పినట్టే. డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇస్తుంటే, దాన్ని ఒకసారి ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూసుకోండి, ఎందుకంటే షేరింగ్ మార్చకపోతే అవతలివాళ్లకు కనిపించేది ‘యాక్సెస్ అడగండి’ అనే పేజీ మాత్రమే, అడిగి మరీ చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

ఏమీ దొరక్కపోతే అన్నిటికంటే చిన్నదాన్ని మళ్లీ చేయండి. రెండోసారి చేస్తున్నప్పుడు మొదటిసారి కంటే ఏం వేరుగా చేశారో రాసుకోండి, అది బంగారం లాంటి సమాచారం. నెట్‌లో దొరికిన బొమ్మను మీదని మాత్రం పెట్టకండి. ఒక్కటి దొరికితే మిగతావన్నీ నమ్మరు.

ప్రశ్న: నా ప్రాజెక్టులో కోడ్ చాలావరకు ఏఐ టూల్‌తో రాయించా. చెప్పాలా?

చెప్పండి. దాచితే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఏ భాగం రాయించారో, అది ఇచ్చినదాంట్లో ఏ తప్పు పట్టుకున్నారో చెప్పగలగాలి. అలా చెప్పలేని భాగం ఉంటే, ఇంటర్వ్యూకి ముందే దాన్ని తీసేసి మీ చేత్తో తిరిగి రాయండి.

ప్రశ్న: ఉద్యోగంలో చేరాక ఇంట్లో నేను చేసుకునేవి కంపెనీవి అవుతాయా?

సంతకం పెట్టే కాగితాన్ని బట్టి, మీ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. ఆపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ హెచ్‌పీ కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆపిల్ 1 కంప్యూటర్ డిజైన్ చేసుకున్నారు, ఉద్యోగిగా అది తన బాధ్యత అనుకుని ముందు హెచ్‌పీకే చూపించారు. వాళ్లు వద్దన్నాకే 1976లో అది బయటికి వచ్చింది. మీ ఆఫర్‌లో మేధో హక్కుల భాగం పూర్తిగా చదవండి. చేరకముందే చేసిన వాటిని జాబితాగా రాసేందుకు చాలా ఒప్పందాల్లో ఒక చోటు ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకుండా ప్రాజెక్టు పేరు, తేదీతో నింపండి. అర్థం కాని వాక్యం ఉంటే లాయర్‌ని అడగడంలో మొహమాటం వద్దు.

ప్రశ్న: వీడియో ఇంటర్వ్యూలో పరికరాన్ని నడిపి చూపించమన్నారు. ల్యాప్‌టాప్ కెమెరాలో ఏమీ కనిపించట్లేదు.

ఫోన్‌ను రెండో కెమెరాగా వాడండి. మ్యాక్‌ఓఎస్ వెంచురా నుంచి ఐఫోన్ (ఎక్స్ఆర్ లేదా తర్వాతివి) నేరుగా వెబ్‌క్యామ్‌గా పని చేస్తుంది. వేరే ఫోనైతే అదే మీటింగ్‌లోకి దాంతో విడిగా చేరండి, మైకు, స్పీకరు రెండూ ఆఫ్ చేసి, లేకపోతే గీ అని మోత వస్తుంది. ఫోన్‌ను బల్లకు పైనుంచి కిందికి చూసేలా బిగించి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టండి. ఇంటర్వ్యూ ముందురోజే, ఆ పరికరం పని చేస్తున్నప్పుడు కట్ లేకుండా ఒక నిమిషం రికార్డ్ చేసి ఉంచుకోండి. లైవ్‌లో నడవకపోతే ముందు వైర్లు చూడండి, ఏం అనుమానిస్తున్నారో పైకి చెబుతూ వెతకండి. రెండు నిమిషాల్లో దొరక్కపోతే ఆ వీడియో చూపించి ముందుకు వెళ్లండి.